రేకుల కొట్టములో చెమ్మ పట్టకుండ కందులను నిల్వ చేయుట

కొడంగల్, తాండూరు ప్రాంతములలో కంది కోతలు సాధారణముగా డిసెంబరు మాసమున ఆరంభమై ఫిబ్రవరి వరకు సాగును. పంటలో కొంత భాగము వెంటనే మార్కెట్టు యార్డునకు పోవును. మిగిలినది రైతు ఇంటనే నిలుచును. అందులో కొంత తిండికి, కొంత మరుసటి మృగశిర కార్తెకు విత్తనముగను, కొంత ధర పెరుగునను ఆశతోను దాచబడును. 2022వ సంవత్సరములో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు లభించినది. 2025-26 పంటకాలమునకు కేంద్ర ప్రభుత్వము క్వింటాలు కందులకు 8,000 రూపాయల మద్దతు ధర ప్రకటించినది. అనగా 50 కిలోల బస్తా ఒక్కటి చెడిన 4,000 రూపాయలు పోయినట్లే. అది విత్తనపు బస్తా అయినచో నష్టము అంతటితో ఆగదు. మొలక లేని చాళ్ళను చూచుకొనుచు మరల విత్తవలసి వచ్చును, అప్పటికి అదనైన వాన దాటిపోవును.

పురుగు వలన కలుగు నష్టము అందరికి తెలిసినదే. చెమ్మ వలన కలుగు నష్టమును కొందరే గమనించుచున్నారు. నిజమునకు బూజు పుట్టుటకు, పప్పు ముక్కిపోవుటకు, మొలకశక్తి తగ్గుటకు, పుచ్చు పురుగు త్వరగా వృద్ధిచెందుటకు కూడ చెమ్మయే తోడ్పడుచున్నది.

పూర్వము మన పల్లెలలో ధాన్యమును వెదురుతో అల్లి పేడమట్టితో అలికిన గుమ్ములలోను, గాదెలలోను, జొన్నలనైతే నేలలో త్రవ్విన పాతరలలోను ఉంచెడివారు. మట్టిపూత గాలిలోని తేమను కొంత పీల్చుకొని, ఎండ కాలమున తిరిగి విడిచిపెట్టెడిది. నేడు వాని స్థానమున ఇనుప రేకుల కప్పు, తాండూరు నాపబండల నేల, ఇనుప తలుపు గల కొట్టములు వెలసినవి. ఇవి వానకు, ఎలుకకు, నిప్పునకు మట్టి గాదెకంటె మేలైనవి. కాని రేకు గాని, బండ గాని తేమను పీల్చుకొనదు. దానిపై చేరిన తేమ నీటిబొట్టుగానే నిలుచును.

జనవరి మాసమున ఒక గ్రామములో కొట్టమును చూడబోయినపుడు ఒక పెద్దరైతు నన్నడిగిన ప్రశ్న ఇది: "సారూ, వాన సుక్క పడలే, కప్పు కారలే. బస్తాల మీద నీళ్ళెట్ల వచ్చినయ్?" ఆయన కప్పుపైకి మనిషినెక్కించి మేకుల రంధ్రములన్నియు తారుతో పూడ్పించెను. అయినను ఉదయమున బస్తాలు తడిసియే ఉండెను. ఆయన ప్రశ్నకు సమాధానము తెలిసినచో చేయవలసిన పనులు చాల వరకు తమంతట తామే బోధపడును.

నీరు ఎచ్చటినుండి వచ్చును?

గాలిలో ఎల్లప్పుడు కొంత నీటి ఆవిరి ఉండును. వేడిగాలి ఎక్కువ ఆవిరిని, చల్లని గాలి తక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. 30 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని భరించును. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడినచో 17 గ్రాములకు మించి భరింపజాలదు. మిగిలిన 13 గ్రాములు ఎచ్చట చల్లదనము ఎక్కువగా ఉన్నదో అచ్చట నీరై అంటుకొనును. చల్లని నీరు పోసిన చెంబు వెలుపల చెమర్చుటకు కారణము ఇదియే. చెంబు కారుట లేదని మనకందరకు తెలియును. కొట్టము విషయములో మాత్రము కప్పు కారుచున్నదని అనుకొనుచున్నాము.

మబ్బు లేని శీతకాలపు రాత్రి ఇనుప రేకు తన వేడిని ఆకాశమునకు విడిచి, చుట్టునున్న గాలికంటె ఎక్కువ చల్లబడును. లోపలి గాలి దానిని తాకి నీటిని వదలును. తెల్లవారుజామున ఆ బొట్లు ఏకమై రేకు వాలు వెంట జారి, వాసము తగిలినచోట క్రింద పడును. బస్తాలపై వరుసగా ఒకే గీతలో తడి మచ్చలు కనిపించినచో అవి వానవి కావు, వాసము క్రింద రాలిన చెమటబొట్లని గుర్తింపవచ్చును.

ఇక ఆ ఆవిరి గాలిలోనికి ఎట్లు వచ్చినది? ఇచ్చట ఒక లెక్క చూడవలెను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి మీటర్లు గల గదిలోని గాలి పైన చెప్పినట్లు చల్లబడినను, అందునుండి రాలగల నీరు 350 గ్రాములకు మించదు. కాని ఆ గదిలో నూటికి 14 పాళ్ళు తేమగల కందులు 20 క్వింటాళ్ళు ఉన్నచో, ఆ గింజలలోనే 280 కిలోల నీరు దాగియున్నది. గాలి ఆరిపోయిన కొలది గింజ తన తేమను గాలికి ఇచ్చుచుండును. రేకు దానిని నీరుగా మార్చి తిరిగి బస్తాపై పోయుచుండును. కావున పెద్దరైతు కొట్టములో నీరు బయటినుండి వచ్చినది కాదు. బస్తాలలో ఆయన తెచ్చి పెట్టినదే.

మొదటి పని ఎండబోయుట

ఇందువలన కొట్టమునకు చేయు మరమ్మతులన్నింటికంటె గింజను ఆరబెట్టుటయే ముఖ్యమని నా అభిప్రాయము. ప్రభుత్వ కొనుగోలు కేంద్రములలో కందులకు అనుమతించు తేమ నూటికి 12 పాళ్ళు. అమ్మకమునకు ఇది చాలును గాని నెలల తరబడి నిల్వ ఉంచుటకు చాలదు. గోనె సంచులలో ఉంచు విత్తనమునకు 9 పాళ్ళు, గాలి చొరని డబ్బాలలో, సంచులలో ఉంచుదానికి 8 పాళ్ళు మించరాదు. విత్తన శాస్త్రజ్ఞుడు హారింగ్‌టన్ చెప్పిన సూత్రము ప్రకారము విత్తనములో తేమ ఒక పాలు తగ్గిన, దాని జీవితకాలము ఇంచుమించు రెట్టింపగును.

ఆరబెట్టిన తూకము తగ్గునని రైతులు చెప్పుట వాస్తవమే. 14 పాళ్ళ తేమగల క్వింటాలు కందులు 10 పాళ్ళకు ఆరినచో సుమారు 95 కిలోల 500 గ్రాములు తూగును. తగ్గిన నాలుగున్నర కిలోలు కేవలము నీరు. ఆ నీటిని అమ్ముకొనవలెనను ఆశతో ఉంచినచో, ధర వచ్చునాటికి పప్పే మిగులకపోవచ్చును. వెంటనే అమ్మువారు 12 పాళ్ళకు ఆరబెట్టిన చాలును. నిల్వ చేయువారు ఆ తూకమును వదలుకొనక తప్పదు.

తేమమాపకము దొరకనపుడు గింజను పంటి క్రింద ఉంచి కొరికి చూడవలెను. ఆరిన గింజ టప్పున విరుగును. పచ్చి గింజ నొక్కుకొనును. మరియొక పరీక్ష కలదు. పొడి సీసాలో కొంచెము ఎండిన మెత్తని ఉప్పు, గుప్పెడు కందులు పోసి మూత బిగించి కొన్ని నిమిషములు బాగుగా కుదుపవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో తేమ 15 పాళ్ళకు మించియున్నదని అర్థము. అంటకపోయినంత మాత్రమున నిల్వకు తగినదని భావింపరాదు. ఆ పరీక్ష మరీ పచ్చివానిని వేరుచేయుటకు మాత్రమే ఉపకరించును.

కల్లములో పాటింపవలసిన సంగతి ఒకటి చెప్పవలెను. పగలంతయు ఎండిన గింజను సాయంకాలము కుప్ప చేసి, వేడి చల్లారకముందే టార్పాలిను కప్పుట వాడుక అయినది. గింజ వేడికి లేచిన ఆవిరి, మంచుకు చల్లబడిన టార్పాలిను లోపలి ముఖమున నీరై, కుప్ప పైపొరను తడుపును. ఒకనాటి ఎండ ఒక రాత్రిలో వ్యర్థమగును. ఎండ తగ్గగానే కుప్ప చేసి, కొంత చల్లారనిచ్చి, మంచు పడకముందే మొదట గోనెపట్టాలు పరచి, వానిపై కర్రలు నిలిపి, ఆ కర్రలపై టార్పాలిను వేయవలెను. రాలిన బొట్లను గోనె పీల్చును. మరునాడు ఎండ ఎక్కిన తరువాతనే రెండును తీసి ఆరవేయవలెను. అట్లే ఎండబోసిన గింజను వేడిమీద డ్రమ్ములలోనికి ఎత్తరాదు. ఎత్తినచో మూత క్రింద నీరు కట్టును, పైజానెడు గింజకు బూజు పట్టును.

తలుపు తీయు వేళ, మూయు వేళ

కొట్టమునకు గాలి ఆడవలెనని మేము అనేకమార్లు చెప్పియున్నాము. ఏ గాలి అను విషయము చెప్పుట తక్కువ. శీతకాలమున, వేసవిలో పగలు 11 గంటలనుండి 4 గంటల వరకు వీచు గాలి పొడిగా ఉండును. ఆ వేళ తలుపులు, కిటికీలు తెరచి ఉంచిన లోపలి తేమ వెలుపలికి పోవును. ప్రొద్దు క్రుంకకముందే మూయవలెను. తెల్లవారగనే తలుపులు బార్లా తెరచు అలవాటు ఇంటికి మంచిదే గాని కందులకు మంచిది కాదు; ఆ వేళ గాలిలో తేమ అత్యధికముగా ఉండును.

వానకాలములో ఇంకను జాగ్రత్త వలయును. రెండు మూడు దినములు ముసురు పట్టినపుడు నాపబండలు, గోడలు చల్లబడును. పిమ్మట వాన వెలిసి ఎండ కాయగానే, కొట్టము ఆరునను ఉద్దేశముతో తలుపులు తెరతురు. చేయరాని పనులలో ఇది మొదటిది. తడినేల మీదుగా వచ్చు ఆ ఉక్కగాలి చల్లని బండలను తాకగనే బండలు చెమర్చును, ఆనిన బస్తాల అడుగు తడియును. తలుపు తీయవచ్చునా లేదా అని తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. ఒక ఇత్తడి చెంబును రాత్రి అంతయు కొట్టములో బండపై బోర్లించి ఉంచి, ఉదయమున వెలుపల నీడలోనికి తెచ్చి ఐదు నిమిషములు చూడవలెను. చెంబుపై ఆవిరి మసక పట్టినచో ఆ గాలిని లోనికి రానీయరాదు. మసక పట్టనంత మాత్రమున ఆ గాలి పొడిదని కాదు. కావున వానకాలములో పొడిగాలి వీచు మధ్యాహ్నములందు తప్ప కొట్టమును మూసి ఉంచుటయే మేలు. చూరు క్రింది సందులలో శీతకాలమున ఎలుక దూరని ఇనుప వల చాలును. వానకాలమున ఆ సందులను గోనెగుడ్డతో బిగింపవలెను.

లోపలి గాలి స్థితిని తెలుపుటకు పళ్ళెరములో పిడికెడు ఉప్పు పోసి మూలన ఉంచవలెను. గాలిలో తేమ నూటికి 75 పాళ్ళు దాటిన శుద్ధిచేసిన ఉప్పు నీరగును. కళ్ళుప్పు అంతకు కొంచెము ముందే చెమర్చును. గాలిలో తేమ 70 పాళ్ళు దాటిననాడే బూజు పెరుగుటకు అనుకూలమగును. కావున ఉప్పు చెమర్చుట కనిపించిన వెంటనే బస్తాలను విప్పి చూడవలెను. యూరియా బస్తాలు నోరు విప్పి అదే గదిలో ఉంచువారికి వేరే గుర్తు అక్కరలేదు. యూరియా గడ్డకట్టుటయే ఆ గుర్తు. అయితే యూరియాను, విత్తనమును ఒక గదిలో ఉంచుట తగదు.

కొట్టములో పొయ్యి గాని, కుంపటి గాని వెలిగించి ఆరబెట్టుటకు ప్రయత్నింపరాదు. నిప్పు ప్రమాదము అటుంచి, లీటరు కిరోసిను మండిన సుమారు లీటరు నీరు ఆవిరిగా పుట్టును. వంటగ్యాసు సంగతియు అట్టిదే. తడిబట్టలు ఆరవేయుట, మనుషులు పరుండుట కూడ మానవలెను. నిదురించు మనిషి ఊపిరి, చెమట ద్వారా రాత్రికి పావు లీటరుకు తక్కువగాక నీటిని గాలికి విడుచును.

నేల, కప్పు

బండలపై తడి కనిపించినపుడు అది భూమినుండి పైకి ఎక్కినదా, గాలినుండి దిగినదా యను సందేహము కలుగును. రెండింటికి మందు వేరు. మూరెడు చదరము ప్లాస్టిక్ కాగితమును పొడిగా తుడిచిన బండల అతుకుపై పరచి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి ఒక దినము ఉంచవలెను. కాగితము క్రింద తడి చేరినచో అది భూమి తేమ. పైన తడి కనిపించినచో అది గాలి తేమ. భూమి తేమ అయినచో అతుకులను సిమెంటుతో పూడ్చి, చూరునీరు గోడ మొదట నిలువకుండ వాలు కల్పించి, లోపల మందమైన పాలిథిన్ పట్టా పరచవలెను. గాలి తేమ అయినచో పైన చెప్పిన తలుపు నియమమే ముఖ్యము. ఏది అయినను బస్తాలను బండపై నేరుగా వేయరాదు. చెక్క దిమ్మెలపై గాని, నడుమ పాలిథిన్ ఉంచిన రెండు వెదురు చాపలపై గాని, గోడకు రెండడుగుల దూరమున పేర్చవలెను. మన ప్రాంతములో బండ చౌక, కలప ప్రియము. అందువలన దిమ్మెలకు బదులు బండముక్కలు వేయువారు కలరు. బండ మీద బండ వేసిన చల్లదనము పోదు. చాపయైనను మేలు.

రేకు కప్పునకు లోపలివైపు జానెడు ఎడముతో వెదురు తడక కట్టినచో లోపలి గాలి నేరుగా రేకును తాకదు. రేకుపై జొన్నచొప్ప పలుచగా పరచి కట్టినచో రాత్రి చలి, పగటి వేడి రెండును తగ్గును. నిప్పు భయమున్నచోట ఇది కూడదు. ఈ రెండును చేయలేనివారు బస్తాలపై, వానిని తాకకుండ, ఒకవైపు వాలుగా ప్లాస్టిక్ పట్టాను త్రాళ్ళతో కట్టి, బొట్లు గోడవైపు జారునట్లు చేసికొనవచ్చును. పట్టాను బస్తాలపై బిగించి కప్పుట మాత్రము పనికిరాదు. గింజ వదలిన ఆవిరి దాని క్రిందనే నిలిచి బస్తాలను తడుపును. క్రొత్తగా కట్టిన ఇటుక, సిమెంటు గోడలలో కట్టడపు నీరు చాలకాలము నిలిచియుండును. ఒక వేసవి గడచిన తరువాతనే అందు విత్తనము పెట్టవలెను.

డ్రమ్ములు, గాలి చొరని సంచులు

విత్తనము మట్టుకు ఇనుప డ్రమ్ములలో గాని, మూడు పొరల సంచులలో గాని దాచుట ఉత్తమము. ఇవి వెలుపలి తేమను లోనికి రానీయవు. లోపలి తేమను వెలుపలికి పోనీయవు. పచ్చి గింజను వీనిలో పోయుట కంటె గోనెలో ఉంచుటయే నయము. డ్రమ్మును నిండుగా నింపవలెను. ఎండ తగులు గోడకు ఆనించరాదు; ఒక ప్రక్క దినదినము వేడెక్కిన ఆ ప్రక్కనున్న తేమ రెండవ ప్రక్కకు చేరి అచ్చట గింజ చెడును. ఎర్రమన్ను పట్టించి విత్తనము దాచు ఆచారము గలవారు, మన్ను పూర్తిగా ఆరిన పిదపనే డబ్బాకెత్తవలెను.

ఎక్కువ పరిమాణము దాచువారికి 1960వ దశకములో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా గాదె నేటికిని పనికివచ్చును. పచ్చి ఇటుకల రెండు గోడల నడుమ 700 గేజి పాలిథిన్ పొరను ఉంచి కట్టుటయే అందలి విశేషము. మట్టి వేడిని, చలిని ఆపును; పాలిథిన్ తేమను ఆపును.

పురుగు కనిపించినదని విషపు బిళ్ళలను కొట్టములో ఉంచువారిని చూచుచున్నాము. అల్యూమినియము ఫాస్ఫైడు నుండి వెలువడు వాయువు ప్రాణాంతకము. శిక్షణ పొందినవారు, ప్రభుత్వ పర్యవేక్షణలో తప్ప దానిని వాడరాదు. మనుషులు నివసించు ఇంటికి ఆనుకొనియున్న గదిలో అసలే వాడరాదు.

గ్రామములలో పనిచేయు వ్యవసాయ విస్తరణాధికారులు, పంచాయతీ కార్యదర్శులు, సహకార సంఘముల సిబ్బంది ఒక పని చేసిన రైతులకు మేలగును. కొనుగోళ్ళు మొదలగుటకు ముందే తేమమాపకమును రైతు వేదికలో ఒక దినము ఉంచి, ఎవరి గుప్పెడు కందులు వారు తెచ్చి పరీక్షించుకొనునట్లు చేయవలెను. బండి కట్టి కేంద్రమునకు పోయిన తరువాత తేమ ఎక్కువని తిప్పి పంపుట వలన రైతునకు కిరాయి నష్టము, అక్కడి ఆరుబయట రాత్రి మంచులో గింజకు మరింత తేమ.

విత్తనపు డ్రమ్మును మే మాసాంతమున, పొడి మధ్యాహ్నము ఒక్కసారి తెరచి, పైనుండి, నడుమనుండి, అడుగునుండి కలిపి 100 గింజలు తీసి వెంటనే మూయవలెను. వానిని తడి గోనెగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండ నీరు చిలుకరించుచు ఆరు దినములు నీడలో ఉంచి, మొలచినవానిని లెక్కింపవలెను. 75 గాని అంతకు మించి గాని మొలచినచో ఆ విత్తనము నాటుటకు తగును. అంతకు కొద్దిగా తగ్గినచో విత్తన మోతాదును ఆ మేరకు పెంచవలెను. సగమైనను మొలవనిచో దానిని పప్పుకు మళ్ళించి, వేరు విత్తనము సమకూర్చుకొనుటకు ఇంకను కొంత వ్యవధి ఉండును. బూజు పట్టిన గింజను మాత్రము పప్పునకు గాని, పశువుల దాణాకు గాని వాడరాదు.